ఫారంలో ‘ఎప్పుడూ నిండుగా నీళ్లు’ అని టిక్ పెట్టమంటున్నారు – వరి కార్బన్ క్రెడిట్లకి సంతకం పెట్టొచ్చా?

చివరిమడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వరి రైతుని. సొంతం నాలుగెకరాలు, కౌలుకి తీసుకున్నది రెండు. ఆరెకరాలూ కాలవ చివర్లోనే. ఒక సంతకం గురించి వారం రోజులుగా మనసు కుదుటపడటం లేదు. తెలిసినవాళ్లు చెప్తారని ఇక్కడ రాస్తున్నా.

కార్బన్ క్రెడిట్ల కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలబెట్టకుండా మధ్యమధ్యలో ఆరగడితే మీథేన్ అనే గ్యాసు తగ్గుతుందట. తగ్గినదానికి లెక్క కట్టి క్రెడిట్లు పుట్టిస్తారట, అవి అమ్మగా వచ్చినదాంట్లో నాకు వాటా. మడికొకటి చొప్పున చిల్లుల గొట్టాలు ఇచ్చి పాతుకోమన్నాడు. నీళ్లు పెట్టినప్పుడొక ఫొటో, ఆరినప్పుడొక ఫొటో తీసి ఫోన్లో పంపాలి. ఇంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

చిక్కంతా ఫారం దగ్గర వచ్చింది. గడిచిన మూడేళ్లలో నీళ్లు ఎలా పెట్టారు అని ఒక గడి ఉంది. మాకు కాలవ నీళ్లు వంతుల మీద వస్తాయి. చివరన ఉన్నవాళ్లం కాబట్టి పిలకలు కట్టాక ఒక్కసారైనా మడి ఆరిపోతుంది, ఒక్కో ఏడు సన్నగా నెర్రెలు కూడా పడతాయి. కావాలని ఆరగట్టింది కాదు, నీళ్లు రాక ఆరింది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘అలా రాస్తే మీకు లెక్క బాగా తగ్గిపోతుందండీ, ఎప్పుడూ నిండుగా నీళ్లు అని టిక్ పెట్టెయ్యండి, మీ చుట్టుపక్కల అందరూ అదే పెడుతున్నారు’ అన్నాడు. పెన్ను కింద పెట్టేశాను. ఆలోచించుకుని చెప్తానని పంపించేశాను.

ఒప్పందం పన్నెండు పేజీలు. అందులో రెండో భాగం మట్టిలో కార్బన్ దాచడం గురించి. గడ్డి తగలబెట్టకూడదు (నేనెప్పుడూ తగలబెట్టను), దుక్కి తగ్గించాలి, ఇరవై ఏళ్లు దానికి కట్టుబడి ఉండాలి.

ఆరబెడితే నిజంగానే గ్యాసు తగ్గుతుందా, లేక ఇది మాటలేనా? మా నాన్న అయితే ‘వరికి నీళ్లు తీసేవాడు వరి పండించడు’ అంటాడు. ఆ టిక్ పెడితే ఎవరికైనా నష్టమా, నా ఒక్కడి టిక్కుతో ఏమవుతుంది? ఇరవై ఏళ్ల మాట ఇవ్వొచ్చా? ఈ మూడూ తెలిస్తే చాలు.

గాజుపెట్టె

చివరిమడి గారూ, పెన్ను కింద పెట్టి మంచి పని చేశారు. మిగతాదంతా ఆ తర్వాతే.

నేను ఒక పరిశోధన క్షేత్రంలో ఆరేళ్లు వరి మడుల్లో గ్యాసు పట్టే పని చేశాను. ఇప్పుడు సొంతంగా వ్యవసాయం చేసుకుంటున్నాను. మీ మొదటి ప్రశ్నకి నా చేత్తో పట్టినదాన్ని బట్టే జవాబు చెప్తాను.

మడిలో ఒక అల్యూమినియం చట్రాన్ని బురదలోకి దింపి ఉంచుతాం. దాని అంచు చుట్టూ గాడి, గాడి నిండా నీళ్లు. పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య నాలుగు దుబ్బుల మీద పారదర్శకంగా ఉండే పెట్టెని బోర్లించి ఆ గాడిలో కూర్చోబెడతాం. గాడిలో నీళ్ల వల్ల లోపలి గాలి బయటికి పోదు. లోపల చిన్న బ్యాటరీ ఫ్యాను గాలిని కలుపుతూ ఉంటుంది. పైనున్న రబ్బరు బిరడాలోంచి సిరంజితో పెట్టె పెట్టగానే ఒకసారి, పది నిమిషాలకి, ఇరవైకి, ముప్పైకి గాలి లాగి సీసాల్లోకి ఎక్కించి ల్యాబుకి పంపుతాం. ఆ సమయంలో మడిలోకి దిగకూడదు, చెక్క పలకల మీదే నడవాలి. అడుగు పడితే బురదలోంచి బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఉండేది చాలావరకు మీథేనే, లెక్క మొత్తం చెడిపోతుంది. మీరూ చూసే ఉంటారు, కలుపు తీస్తూ కాలు వేసినచోటల్లా లేచే బుడగలు అవే.

నిండుగా నీళ్లున్న మడిలో మొదటి సీసా నుంచి నాలుగో సీసాకి గ్యాసు పెరుగుతూ పోతుంది. ఆరగట్టిన మడిలో మొదటి ఒకట్రెండు రోజులు మాత్రం ఒక్కసారిగా ఎగదన్నుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అది చూసి ‘ఆరబెడితే పెరిగిందేంటండీ’ అని కంగారు పడేవాళ్లు. అది బురదలో చిక్కుకుని ఉన్న పాత గ్యాసు, దారి దొరికి బయటపడుతుంది అంతే. ఆ తర్వాత దాదాపు సున్నాకి దిగిపోతుంది. మళ్లీ నీళ్లు పెట్టినా వెంటనే పుంజుకోదు, కొన్ని రోజులు పడుతుంది.

ఎందుకంటే, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు గాలి తగిలితే పనిచేయలేవు. నీళ్లు నిలబడ్డ మట్టిలో ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది. ఆ తర్వాత మట్టిలోని మిగతా జీవాలు నైట్రేటు మీద, మాంగనీసు మీద, ఇనుము మీద బతుకుతాయి. అవన్నీ అయిపోయాకే మీథేన్ జీవాల వంతు వస్తుంది. బాగా నీళ్లు మగ్గిన మడిలో పిడికెడు బురద తీసి చూడండి, నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. అదే మట్టిని ఆరాక చూస్తే వేళ్ల వెంట తుప్పు రంగు చారలు కనిపిస్తాయి. ఇనుము మళ్లీ తుప్పు పట్టిందన్నమాట. ఆ తుప్పు ఖర్చయ్యేదాకా మీథేన్ మొదలవదు. పుట్టిన మీథేన్‌లో 90 శాతం దాకా వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే పైకి పోతుంది, వరి దుబ్బే దానికి పొగగొట్టం.

కాబట్టి ఇది మాటలు కాదు. మనుషుల వల్ల గాల్లో కలిసే మీథేన్‌లో దాదాపు పదో వంతు వరి మడులది. 2021లో గ్లాస్గోలో దేశాలు చేసిన మీథేన్ ప్రతిజ్ఞ 2030 నాటికి 30 శాతం తగ్గించాలంటుంది. మనం నీళ్లు ఆరగట్టడం అందులో నిజమైన భాగం. నాకు ఈ పని మీద నమ్మకం ఉంది. అందుకే మీ రెండో ప్రశ్నకి కాస్త గట్టిగా జవాబు చెప్తాను.

లెక్క చూద్దాం. ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద దేశాల తరఫున పనిచేసే శాస్త్రవేత్తల సంఘం) 2019లో సవరించిన పద్ధతిలో, ఎప్పుడూ నీళ్లు నిలబడే మడి నుంచి హెక్టారుకి రోజుకి సగటున 1.19 కిలోల మీథేన్ వస్తుందని ప్రపంచ సగటు. 110 రోజుల పంటకి 131 కిలోలు. అదే పద్ధతిలో నిండుగా నీళ్లుండే మడికి గుణకం (ఆ సగటుని హెచ్చించే అంకె) 1, పంట మధ్యలో ఒక్కసారి ఆరితే 0.71, పలుమార్లు ఆరితే 0.55.

మీరు ‘ఎప్పుడూ నిండుగా’ అని టిక్ పెట్టారనుకోండి. 1 నుంచి 0.55కి వచ్చినట్టు లెక్క. అంటే 59 కిలోల మీథేన్. నూరేళ్ల లెక్కలో, భూమిని వేడెక్కించడంలో కిలో మీథేన్ 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో (కార్బన్ డయాక్సైడ్) సమానం కాబట్టి హెక్టారుకి సుమారు 1,590 కిలోలు. ఆరబెట్టిన మడిలో నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వేడి పెంచే వాయువు కాస్త పెరుగుతుంది, హెక్టారుకి 120 కిలోల నత్రజని వేసేచోట ఆ పెరిగినది 100 కిలోలకి సమానం, అది తీసెయ్యాలి. ఎకరాకి చూస్తే 600 కిలోలు మిగులుతాయి. ఒక క్రెడిట్ అంటే టన్ను బొగ్గుపులుసు వాయువు. అంటే పంటకి ఎకరాకి ఒక్క క్రెడిట్ కూడా నిండదు, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు నిజం రాశారనుకోండి. మీ మడి ఇదివరకే ఒకసారి ఆరుతోంది, 0.71 నుంచి 0.55కి వస్తారు. నైట్రస్ ఆక్సైడ్ లెక్క రెండు వైపులా ఒకటే. ఎకరాకి దాదాపు 230 కిలోలు.

తేడా 370 కిలోలు. మీ ఆరెకరాలకి పంటకి రెండు టన్నుల పైమాట. ఈ రెండు టన్నులు గాల్లో ఎక్కడా తగ్గలేదు, టిక్కులో మాత్రమే తగ్గాయి. కానీ ఆ క్రెడిట్ కొన్నవాడు ‘నా బదులు అక్కడ తగ్గింది’ అని చెప్పి నిజంగా రెండు టన్నులు వదులుతాడు. అసలు క్రెడిట్లే లేకపోయి ఉంటే గాలి ఎలా ఉండేదో, మీ టిక్కు వల్ల అంతకంటే రెండు టన్నులు బరువెక్కుతుంది. ‘ఎవరికైనా నష్టమా’ అని అడిగారు కదా, ఆ నష్టం ఇదీ. మీ ఒక్కరిదే అయితే చిన్నదే. కానీ ఆయన ‘చుట్టుపక్కల అందరూ’ అన్నాడని మీరే రాశారు.

ఇదేం ఊహ కాదు. వరి క్రెడిట్లకి మొదట్లో వాడిన ఒక పద్ధతిని క్రెడిట్లని నమోదు చేసే వెర్రా అనే రిజిస్ట్రీ 2023లో పక్కన పెట్టింది. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టుల్ని సమీక్షించి తిరస్కరించింది. ఇలాంటివి జరిగినప్పుడు నిజంగా కష్టపడి మడి ఆరబెట్టుకున్న రైతు కష్టం కూడా అదే బుట్టలో కొట్టుకుపోతుంది. నాకు బాధ అక్కడ.

ఎర్రనేల

నేను మెట్ట రైతుని, వరి గురించి మాట్లాడలేను. ఆ ఇరవై ఏళ్ల సంగతి మాత్రం నాకు అనుభవమే, చెప్పాలి.

ఐదేళ్ల కిందట మట్టిలో కార్బన్ ఒప్పందానికి సంతకం పెట్టాను. కంపెనీ పేరు రాయను. దుక్కి దున్నకూడదు, పంట మోళ్లు నేల మీదే వదలాలి, రెండు పంటల మధ్య నేల ఖాళీగా ఉండకూడదు. రెండేళ్లు అక్షరం తప్పకుండా చేశాను. మూడో ఏడు తుంగ, గరిక కలిసి చేనుని కమ్మేశాయి. మందు కొట్టడం నాకు ఇష్టం లేదు. ఆ ఒక్క ఏడు ఒక్కసారి లోతుగా దున్నాను. దున్నానని నేనే ఫోన్ చేసి చెప్పాను.

వచ్చిన జవాబు ఏంటంటే, ఒప్పందం తప్పారు కాబట్టి మీ పేర పుట్టిన క్రెడిట్లు వెనక్కి, లెక్క మళ్లీ మొదటి ఏడాది నుంచి. కిందటేడు మట్టి శాంపిళ్లు తీసుకెళ్లారు. పై 15 సెంటీమీటర్లే తవ్వారు. ‘గుర్తించదగిన మార్పు లేదు’ అని కాగితం పంపారు. ఐదేళ్లలో నా చేతికి వచ్చింది ఆ కాగితం ఒక్కటే.

ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. నా చేను బాగుపడింది. ఇదివరకు గట్టి వాన పడితే అరగంటలో ఎర్రనీళ్లు గట్టు తెంచుకుని పోయేవి. ఇప్పుడు అదే వానకి నీళ్లు మోళ్ల మధ్య నిలబడి మెల్లగా ఇంకుతాయి. వాన వెలిశాక పార దించితే జానెడు లోతున చల్లటి పదును, అందులో వానపాములు. ఈ పని మానను. సంతకం మాత్రం ఇంకోసారి పెట్టను.

చివరిమడి

గాజుపెట్టె గారూ, లెక్క రెండుసార్లు చదివాను, మా అబ్బాయితో కాగితం మీద వేయించాను కూడా. అర్థమైంది. ఎర్రనేల అన్నా, మీ మాట మనసుని తాకింది.

ఇంకో చిక్కు ఉంది. మా మడులకి విడిగా బోదెలు లేవు. పై వాళ్ల మడి నిండితే గండి గుండా నా మడిలోకి, నా మడి నిండితే కిందకి. వాళ్లు నీళ్లు నిలబెడుతుంటే నేను ఆరబెట్టడం ఎలా? పైగా ఆ రెండెకరాల ఆసామి ‘పొలం నాది, క్రెడిట్లు నావి’ అంటున్నాడు. నాన్న భయం మాత్రం ఒక్కటే, దిగుబడి.

రాడారు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఉపగ్రహ చిత్రాల మీద పనిచేస్తాను, వరి మడుల్లో నీళ్లు గుర్తించడమే నా రోజువారీ పని.

‘ఉపగ్రహంతో చూస్తాం, అబద్ధం దాగదు’ అని చాలా కంపెనీలు చెప్తాయి. కొంతవరకు నిజమే. 2014 నుంచి సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా నేలని చూస్తున్నాయి. దమ్ము చేసిన మడి, నాట్లప్పటి నీళ్లు రాడార్‌లో నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. కానీ చేను గుబురెక్కాక ఆ తరంగాలు ఆకుల దగ్గరే చెదిరిపోతాయి, కింద నీళ్లున్నాయా నెర్రెలున్నాయా అన్నది నమ్మకంగా చెప్పడం కష్టం. మీ మడి ఆరేది సరిగ్గా ఆ సమయంలోనే. ఒక ఉపగ్రహం అదే దారిలో మళ్లీ వచ్చేది 12 రోజులకి. నాలుగు రోజులు ఆరి మళ్లీ తడిసిన మడి దానికి కనపడకపోవచ్చు.

కాబట్టి గడిచిన మూడేళ్ల సంగతి ఆకాశం కంటే మీ దగ్గరే బాగా తెలుస్తుంది. కాలవకి నీళ్లు ఏ తేదీన వదిలారో, ఎప్పుడు కట్టేశారో రాసి ఉంచే రిజిస్టరు ఉంటుంది. దాని నకలు తీసుకోండి. మీరు రాసే నిజానికి అదే సాక్ష్యం. ఇంకోటి, ప్రాజెక్టు నంబరు అడగండి. పెద్ద రిజిస్ట్రీల్లో ప్రాజెక్టు పత్రాలు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. మీ ప్రాంతానికి వాళ్లు అందులో పాత నీటి అలవాటు ఏమని రాశారో చూడండి. నంబరే చెప్పకపోతే ఆ ప్రాజెక్టు ఇంకా రిజిస్టరే కాకపోయి ఉండొచ్చు.

గాజుపెట్టె

రాడారు గారి మాట విలువైనది. రిజిస్టరు నకలు తప్పకుండా తీసుకోండి.

నాన్నగారి భయం ముందు. ఆయన తప్పు మాట అనలేదు, వరికి నీళ్లు తీయకూడని రోజులు ఉన్నాయి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ల పద్ధతిలో హద్దు 15 సెంటీమీటర్లు. గొట్టం 30 సెంటీమీటర్ల పొడవు, కింది 20 సెంటీమీటర్లకి చిల్లులు. చిల్లులున్న భాగం మట్టిలోకి దించి లోపలి మట్టి తీసెయ్యాలి. గట్టుకి దగ్గరగా, మడి మొత్తానికి సగటుగా ఉన్నచోట పెట్టండి, పల్లంలోనో మెరకలోనో పెడితే గొట్టం తప్పు చెప్తుంది. నాట్లయిన రెండు వారాల దాకా ఆరబెట్టవద్దు. కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో వారం ఆగండి. ఆ తర్వాత గొట్టంలో నీళ్లు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్లు నిండేలా పెట్టాలి. పైన ఎండినట్టు కనిపించినా వేళ్లకి ఆ లోతులో నీళ్లు అందుతూనే ఉంటాయి. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు తీయకూడదు. అప్పుడు ఎండితే తాలు గింజలే. ఈ హద్దుల్లో ఉంటే దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి. నాన్నగారిని గొట్టం దగ్గరికి తీసుకెళ్లి లోపల నీళ్లు చూపించండి, చెప్పిన దానికంటే చూసినది ఆయనకి నమ్మకం.

యూరియా ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టండి, లోపలికి దిగుతుంది. చల్లాక నాలుగు రోజులు వదిలేస్తే గాలికి పోతుంది, నైట్రస్ ఆక్సైడ్ కూడా అక్కడే పెరుగుతుంది. అది కిలోకి 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం, చిన్న అశ్రద్ధకి పెద్ద ఖరీదు. గడ్డి కలియదున్నేట్టయితే నాట్లకి నెల రోజుల పైన ముందే, నేల పొడిగా ఉన్నప్పుడు కలపండి. దమ్ములో పచ్చిగా తొక్కిన గడ్డితో పోలిస్తే మీథేన్ మీద దాని ప్రభావం ఐదో వంతే. ఫారంలో ఎక్కడా ఇది అడిగి ఉండరు. కానీ కొన్ని మడుల్లో నీళ్లు ఆరబెట్టిన దానికంటే ఇదే పెద్ద తేడా చూపించడం నేను చూశాను.

గండి నీళ్ల సంగతి ఒక్కరి వల్ల తేలదు. ఒక తూము కింద ఉన్నవాళ్లంతా కూర్చుని గట్టు వెంబడి ఒక బోదె తీసుకోవాలి. మడులన్నిటినీ దాటుకుంటూ వచ్చే నీళ్లు చివరికి చేరేసరికి ఎంత మిగులుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పై వాళ్లు ఆరబెడితే లాభం మొదట మీకే. అందుకే ఈ మాట చివరిమడి రైతే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఆసామి సంగతి. నీళ్లు పెట్టేదీ తీసేదీ మీరు, పొద్దున్నే గొట్టం చూసేదీ మీరే. తగ్గిన మీథేన్ మీ పని వల్ల తగ్గింది. వాటా ఎవరికి ఎంత అన్నది కౌలు కాగితంలోనే రాయించుకోండి. అది తేలేదాకా ఆ రెండెకరాలు ఫారంలో చేర్చకండి.

ఇక ఇరవై ఏళ్లు. ఎర్రనేల గారికి జరిగింది చదివి రెండు మూడు సార్లు లేచి తిరిగాను. ఆయన మట్టిలో నిజంగా మార్పు వచ్చింది, పారకి తెలిసింది, కాగితానికి తెలియలేదు. ఎందుకో చూడండి. హెక్టారు నేలలో 30 సెంటీమీటర్ల లోతుకి దాదాపు 3,900 టన్నుల మట్టి ఉంటుంది. అందులో అర శాతం కార్బన్ అంటే ఇరవై టన్నులకి కాస్త తక్కువ. మంచి సేద్యంతో ఏడాదికి 300 కిలోలు చేరిందనుకుందాం. ఇరవై టన్నుల్లో అది ఒకటిన్నర శాతం. ఒకే చేనులో పది అడుగుల దూరంలో తీసిన రెండు శాంపిళ్ల మధ్య తేడానే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా దున్నని నేలలో కార్బన్ పై పొరలో పేరుకుంటుంది, దున్నిన నేలలో కిందికి కలుస్తుంది. 15 సెంటీమీటర్లే తవ్వితే ఏ వైపైనా తప్పు లెక్కే వస్తుంది.

నిలిచి ఉండటం ఇంకో సంగతి. ఇంగ్లాండులో రోథమ్‌స్టెడ్ అనే పరిశోధన కేంద్రంలో హూస్‌ఫీల్డ్ అని ఒక చేను ఉంది. అందులో ఒక మడికి 1852 నుంచి 1871 దాకా ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. ఆ రోజు నుంచీ కార్బన్ దిగుతూనే వచ్చింది. అయినా ఎన్నడూ ఎరువు వేయని పక్క మడి కంటే నూరేళ్లు దాటాక కూడా ఎక్కువే ఉంది. రైతుకి ఇది ఎంతో ధైర్యం చెప్పే మాట, వేసిన ఎరువు వృథా పోలేదు. కానీ క్రెడిట్ కొన్నవాడి లెక్కలో అది కారుతున్న కుండ. వాడు వదిలిన బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్లు గాల్లో ఉంటుంది, ఇక్కడ దాచింది పని ఆపిన రోజు నుంచే తిరుగుదారి పడుతుంది.

మీథేన్ అలా కాదు. ఈ పంటలో పుట్టకుండా ఆపింది ఆపినట్టే. వచ్చే ఏడు మీరు మానేసినా ఈ ఏటి మేలు రద్దు కాదు. అందుకే నీళ్ల భాగానికి పంట పంటకీ ఒప్పందం చాలు, ఇరవై ఏళ్లు అక్కర్లేదు. రెండో భాగం మీద సంతకం పెట్టకండి. గడ్డి మట్టికే ఇవ్వండి, పశువుల ఎరువు వేయండి, అది మీ నేల కోసం.

చివరిమడి

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నా.

కాలవ రిజిస్టరు నకలు దొరికింది. మూడేళ్లలోనూ పిలకల దశలో నీళ్లు కట్టేసిన తేదీలు ఉన్నాయి, ఒక ఏడు పదకొండు రోజులు. ఫారంలో ‘పంట మధ్యలో ఒకసారి ఆరేది’ అన్న గడిలో టిక్ పెట్టి, నకలు జత చేశాను. నాలుగెకరాలే రాశాను. మట్టి కార్బన్ పేజీలు ఐదూ విడిగా తీసి, ఇవి వద్దు అని రాసి తిరిగి ఇచ్చాను. ప్రాజెక్టు నంబరు అడిగాను. ఆయన పై వాళ్లని అడిగి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదని చెప్పాను, గొట్టాలు నేనే కోసుకున్నాను, పాత పైపు ముక్కలు ఇంట్లో ఉన్నాయి.

బోదె గురించి తూము కింద తొమ్మిది మందితో మాట్లాడాను. ఐదుగురు సరేనన్నారు. పై మడి ఆయన ఇంకా తేల్చలేదు, కోతలయ్యాక చూద్దామన్నాడు. అప్పటిదాకా ఆయన గండికి మట్టి కట్టి, వంతు రోజున మాత్రం తెరుస్తున్నాం.

నాన్న మొదటి రెండు రోజులు పొలం వైపు రాలేదు. మూడో రోజు తనే వచ్చి గొట్టంలోకి పుల్ల దించి చూశాడు. పైన మట్టి కాలికి అంటడం లేదు, పుల్ల చివర మాత్రం తడి. ఏమీ అనలేదు. మర్నాడు నేను లేచేసరికి పుల్ల మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి, సెంటీమీటరుకొకటి.

గాజుపెట్టె గారూ, మట్టి తీసి చూశాను. వేళ్ల వెంట తుప్పు రంగు చారలు వచ్చాయి. ఈ రోజు ఐదో రోజు, గాటు పన్నెండు దగ్గర ఉంది. వంతు ఎల్లుండి.